ఎవరి కుర్చీ వాళ్ళే తెచ్చుకునే ఊరు

జనవరి ఎండా, నీకు దణ్ణం. ఉత్తరాన సస్కాచెవాన్‌లో, మినసోటాలో, నార్త్ డకోటాలో చెరువులు రాయిలా బిగుసుకుపోయిన వేళ, అరిజోనా పడమటి అంచున క్వార్ట్జ్‌సైట్‌లో ముంజేతుల మీద గోరువెచ్చగా వాలే ఎండా! మోకాళ్ళ నొప్పులవాళ్ళు నిన్ను వెతుక్కుంటూ వేల మైళ్ళు వస్తారు. వచ్చేటప్పుడు ఇంటినే తోలుకొస్తారు. పొయ్యి, పరుపు, పెంపుడు కుక్క, మనవల ఫోటోలు, మాత్రల డబ్బా అన్నీ చక్రాలెక్కి వస్తాయి.

ఏడాది పొడవునా ఉండేవాళ్ళు సుమారు 2,400 మంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే కొలిమి అది. చలికాలం వచ్చేసరికి అదే నేల లక్షలమందికి ఆతిథ్యమిస్తుంది. కరెంటూ నీళ్ళూ కావాలనుకున్నవాళ్ళు ఊళ్ళోని ఆర్వీ (చక్రాల ఇళ్ళ) పార్కుల్లో దిగుతారు. ఆకాశం చాలనుకున్నవాళ్ళు ఊరికి దక్షిణాన ఉన్న లా పోసాకి పోతారు. 11,400 ఎకరాల ప్రభుత్వ ఎడారి. 1983లో మొదలైన ఏర్పాటు ప్రకారం ఒక్క పర్మిట్ తీసుకుంటే సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా అక్కడే కాపురం పెట్టొచ్చు. ప్లాటు నంబర్లు లేవు, ప్రహరీలు లేవు. నాలుగు రాళ్ళు వరసగా పేర్చితే అదే ముంగిలి. సోలార్ పలకను దక్షిణానికి వంచి పెడితే రాత్రికి దీపం. గిన్నె కడిగే నీళ్ళు చెంబులతో లెక్క.

ఓ ఎడారీ, నువ్వు ముసలివాళ్ళకు ఆట నేర్పుతావు. అందుకే నిన్ను పొగడాలనిపించింది.

ఉద్యోగం నుంచి దిగిన మనిషికి మన దగ్గర "ఇక కృష్ణా రామా అనుకుంటూ కూర్చో" అని చెప్పడం అలవాటు. భక్తికి నేను అడ్డు చెప్పను. కానీ కాలూ చెయ్యీ ఆడుతున్న మనిషిని మూల కూర్చోబెడితే ఏ దేవుడు సంతోషిస్తాడు? ఇక్కడ చూడండి. ఎనభైకి దగ్గరపడ్డ పెద్దాయన చేతిలో రిమోట్ పట్టుకుని, మెడ వెనక్కి వాల్చి, తాను అతికించి చేసుకున్న బుల్లి విమానాన్ని గింగిరాలు కొట్టిస్తున్నాడు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు మెటల్ డిటెక్టరు హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని పాత గనుల దారిలో అడుగులో అడుగేస్తున్నారు. పార్కు వెనక పికిల్‌బాల్ కోర్టులో బంతి టకటకలాడుతోంది. 1965లో బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో సెలవుల్లో పిల్లలకు తోచడం లేదని పుట్టించిన ఆట అది. ఇప్పుడు తాతల, బామ్మల చేతికొచ్చి, పాయింటు దగ్గర పేచీలు కూడా పిల్లల పేచీల్లాగే సాగుతున్నాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది రాళ్ళ పని. పొద్దున్నే బండ్లు బారులు తీరి వాగుల వైపు పోతాయి. కోఫా అభయారణ్యంలో క్రిస్టల్ హిల్ అని ఒక గుట్ట ఉంది. అక్కడ తవ్వకూడదు, పైన కనిపించింది మాత్రం కొద్దిగా ఏరుకోవచ్చు. స్ఫటికపు ముక్క మీద ఎండ పడే కోణం దొరికేదాకా వంగి నడవడమే. అగేటు రాళ్ళు వేరేచోట్ల దొరుకుతాయి. చేతిలోకి తీసుకుంటే మట్టిరంగు ముద్ద, ఏ ప్రత్యేకతా లేదు. దాన్ని రాళ్ళ క్లబ్బు షెడ్డుకు తెస్తారు. వజ్రపు పొడి అద్దిన రంపం నూనెలో తడుస్తూ తిరుగుతుంది, రాయి బిగించిన పట్టీ అంగుళం అంగుళం ముందుకు జరుగుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు మాటలాపేస్తారు. రంపం ఆగాక ఒకావిడ నూనె తుడిస్తే లోపల తెలుపు, తేనెరంగు, పొగరంగు చారలు ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటాయి. ఎన్నో లక్షల ఏళ్ళు దాగున్న వెలుగును మొదట చూసిన కళ్ళు, ఆ నూనె చేతులావిడవే. తర్వాత ముతక చక్రం, సన్న చక్రం, ఇంకా సన్నది, చివర మెరుగు. తిరుగుడు పీపాలో వేస్తే నెలరోజులు ఓపిక పట్టాలి.

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రం కోసం వెతికే జనం గుర్తొచ్చారు నాకు. ఆ వంగిన నడుములే, నేలకు అతుక్కున్న ఆ చూపులే. అక్కడ దొరికే రాయి అప్పు తీరుస్తుందేమో, ఆడపిల్ల పెళ్ళి చేస్తుందేమో. ఇక్కడి రాయి ఏమీ చెయ్యదు. పక్క బండివాళ్ళకు చూపించి, "తీసుకో, నీ దగ్గర ఉంచుకో" అని ఇచ్చేయడానికి పనికొస్తుంది. అలా ఇచ్చే రాయి విలువ నాకు ఎంతో ఎక్కువనిపిస్తుంది.

వేడుకలకూ లోటు లేదు. 1960ల నుంచి సాగుతున్న రత్నాల ప్రదర్శన, జనవరిలో ఆర్వీల సంత, లైన్ డాన్సులు, పాన్‌కేక్ ఫలహారాలు. ఊరి శ్మశానంలో, క్వార్ట్జు రాళ్ళతో కట్టిన పిరమిడ్ మీద ఒక ఒంటె బొమ్మ ఉంది. సిరియా నుంచి వచ్చిన హాజీ అలీ సమాధి అది. 1856లో ఎడారిలో బరువులు మోయించాలని అమెరికా సైన్యం ఒంటెల్ని ఓడలో దింపుకుంది, వాటితోపాటు వాటిని నడిపే మనుషుల్నీ. సైనికుల నోట అతను హై జాలీ అయ్యాడు. ప్రయోగం పోయింది, మనిషి మిగిలాడు, 1902లో ఇక్కడే కన్నుమూశాడు. దూరం నుంచి వచ్చి ఉండిపోయినవాడికి ఈ ఊరు ఇంత మంచి చోటు ఇవ్వడం నాకు గర్వంగా ఉంది, నా ఊరు కాకపోయినా.

సాయంత్రం నాలుగున్నరకి కుర్చీలు కదులుతాయి. ఎవరి కుర్చీ వాళ్ళది, ఎవరి కప్పు వాళ్ళది, తలా ఒక వంట. నేను పులిహోర తీసుకెళితే మాంటానా రైతు ముందు పల్లీలు ఏరుకుని తిని, తర్వాత గిన్నె మొత్తం తన వైపు లాక్కున్నాడు. మంట చుట్టూ గిటారు, బాంజో, కాస్త శ్రుతి తప్పిన గొంతులు. ఈ వలయంలో కోట్ల ఖరీదు బస్సువాళ్ళూ ఉన్నారు, అద్దె కట్టలేక వ్యానులోకి మారినవాళ్ళూ ఉన్నారు. 'నోమాడ్‌లాండ్' సినిమా చూసినవాళ్ళకు ఈ రెండో రకం తెలుసు. ఏ బండిలో వచ్చావని ఇక్కడెవరూ అడగరు, కుర్చీ కాస్త జరుపుతారు. అది నేను కళ్ళారా చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

రాత్రి పది దాటాక దక్షిణాన కొండల అంచుని ఒరుసుకుంటూ అగస్త్యుడు లేస్తాడు. మన ఊళ్ళలో బాగా పైకెక్కి వెలిగే చుక్క ఇక్కడ కాసేపు నడిచి దిగిపోతుంది. సస్కాచెవాన్ నుంచి వచ్చిన పెద్దమ్మకు చూపించాను. వాళ్ళ ఊళ్ళో అది ఎన్నడూ ఉదయించదు. డెబ్భై దాటాక కొత్త నక్షత్రాన్ని చూసిన ఆవిడ లేచి నిలబడి, పక్క బండి తలుపు తట్టి మరీ వాళ్ళని నిద్రలేపింది.

ఎడారీ, నీ వాగులు వేసవి వానకే పొంగాలి. ఏభై ఏళ్ళు దాటితే గాని చేతులు తొడగని నీ సగ్వారోలకు ఏ బండి చక్రమూ తగలకూడదు. పర్మిట్ రుసుము పెన్షను డబ్బుకు అందుబాటులో ఉండాలి. పోయినేడు తుంటి ఎముక విరిగి రాలేకపోయిన ఆ విమానాల ముసలాయన నేస్తం, వచ్చే నవంబరుకు తన బండి తానే నడుపుకుంటూ లా పోసా గేటు దాటి రావాలి. వచ్చి పికిల్‌బాల్‌లో అందర్నీ ఓడించాలి.