బాలనవలయందు రహస్యనిర్వాహము

బాలుర కొఱకు వ్రాయఁబడిన రహస్యకథలను మన పండితులు తఱచుగా ఉపేక్షింతురు. ముడి విడిన పిదప గ్రంథము నిష్ప్రయోజనమగునని వారి యాక్షేపము. అమెరికా రచయిత్రి ఇ. ఎల్. కానిగ్స్‌బర్గ్ 1967లో ప్రకటించిన 'ఫ్రమ్ ది మిక్స్‌డ్-అప్ ఫైల్స్ ఆఫ్ మిసెస్ బాసిల్ ఇ. ఫ్రాంక్‌వైలర్' అను నవల దీనికి సమాధానము చెప్పఁగలదని నా యభిప్రాయము. దీనికి 1968లో న్యూబరీ పతకము లభించినది.

పండ్రెండేండ్లు నిండవచ్చిన క్లాడియా, తొమ్మిదేండ్ల తమ్ముఁడు జేమీ ఇల్లు విడిచి, న్యూయార్కునందలి మెట్రోపాలిటన్ కళాప్రదర్శనశాలలో దాఁగి నివసింతురు. ఆ శాలవారు 225 డాలర్లకు వేలమున కొన్న దేవదూతవిగ్రహ మొకటి అచట నుండును. అది మైకెలాంజెలో కృతియా, కాదా యనునది సంశయము. విగ్రహ ముంచిన మఖమలుగుడ్డపై శిల్పి రాతిగుర్తు అచ్చుపడి యుండుట చూచి, పిల్లలు నిర్ణయము తేలినదని పొంగిపోవుదురు. ఆ గుర్తు తమకు ముందే తెలియుననియు, నిశ్చయమునకు అది చాలదనియు శాలవారు ప్రత్యుత్తర మిత్తురు. నిజమే: గుర్తువలన శిల యాతనిదని తేలును గాని, చెక్కిన చేయి యాతనిదే యని తేలదు. హేతువు వ్యభిచరించునపుడు సాధ్యము సిద్ధింపదను న్యాయమును బాలురకు ఇంత సుబోధముగా చెప్పిన కథలు అరుదు.

పిదప పిల్లలు విగ్రహమును పూర్వము కలిగియుండిన ఫ్రాంక్‌వైలర్ అను వృద్ధురాలికడకు పోవుదురు. ఆమె పత్రములలో బొలోన్యా అను శీర్షికక్రింద మైకెలాంజెలో స్వహస్తరేఖాచిత్రము దొరకును. వారు రహస్యమును కాపాడినచో, ఆ చిత్రము తన మరణానంతరము వారికి చెందునట్లు ఆమె వీలునామా వ్రాయించును. క్లాడియా కోరినది కీర్తి కాదు. వెళ్లినట్లే తిరిగి రాకుండుట. రహస్యజ్ఞానము ఆమెకు లోపలి సంస్కార మగును. ఇదియే కథాఫలము.

గ్రంథమంతయు ఆ వృద్ధురాలు తన న్యాయవాది సాక్సన్‌బర్గునకు చెప్పుచున్నట్లు నడచును. సంబోధనము వాక్యార్థమునకు బాహ్యమని తలఁచి మనము దానిని దాఁటిపోవుదుము. అతఁడు ఆ పిల్లల మాతామహుఁడని కడపట తెలియఁగా, ఆ సంబోధనమే కథాంగమని గ్రహింతుము. రెండవ పఠనమున ప్రతి సంబోధనయు సార్థక మగును. ముడి విడిన పిదపనే ఇందలి రచన రుచించునని దీనివలన స్పష్టము.

దోషము లేకపోలేదు. బిడ్డలు కానరాని తలిదండ్రుల పరితాపము దాదాపు మఱుగుననే యున్నది. కరుణ కొంత పోషింపఁబడవలసినది. పాఠశాలలందు దీనిని చదివించు నుపాధ్యాయుఁడు ఆ లోపమును తాను పూరింపవలెను. ఇల్లు విడుచుటను నేర్పునను భయముతో గ్రంథమునే త్యజించుట మాత్రము తగదు. తిరిగివచ్చుట యెట్లో నేర్పు గ్రంథ మిది.