లోగో రూపకల్పనలో స్వీయత – విమర్శ: సంవాదసూత్ర పరిశీలన

వ్యాససంగ్రహం: లోగోలపై వచ్చే విమర్శలో ‘ఇది అనుకరణ’ అన్న ఆక్షేపం, ‘ఇది మాకు ప్రాతినిధ్యం వహించదు’ అన్న ఆక్షేపం తరచుగా కలగలిసిపోతాయి. ఈ రెండింటికీ వేర్వేరు సమాధానాలు అవసరమని ఆనందవర్ధనుని సంవాదవిభాగం ఆధారంగా నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: లోగో, రాజముద్ర, స్వీయత, సంవాదం, పింగళి సూరన.

1. ప్రవేశిక

పూర్వవస్తువును స్వీకరించడం తెలుగు సాహిత్యంలో దోషంగా పరిగణింపబడలేదు. అవుకు, నంద్యాల ప్రాంత సాహిత్యచరిత్రతో ముడిపడిన పింగళి సూరన ఇందుకు నిదర్శనం. నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చిన ‘కళాపూర్ణోదయం’లో కథ చాలవరకు కవికల్పితం. ‘రాఘవపాండవీయం’లో రామాయణ, భారత కథలు రెండూ లోకవిదితాలే. సంస్కృతంలో కవిరాజు అదే పేరుతో ద్వ్యర్థికావ్యం రచించి ఉన్నాడు. అయినా తెలుగు పద్యంలో రెండర్థాలను నడిపిన నేర్పు సూరనదే. కనుక స్వీయతను వస్తువులోనే కాక, కూర్పులోనూ వెదకాలి.

2. సంవాదసూత్రం – అన్వయం

కావ్యాల మధ్య కనిపించే పోలికను ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’ నాల్గవ ఉద్ద్యోతంలో మూడు విధాలుగా విభజించాడు: ప్రతిబింబం వంటిది, చిత్తరువు వంటిది, ఇద్దరు మనుషుల పోలిక వంటిది. మొదటి రెండూ త్యాజ్యాలు, మూడవది గ్రాహ్యం. లోగోకు అన్వయిస్తే, ఇతరుల గుర్తును యథాతథంగా తీసుకోవడం ప్రతిబింబం. రంగు, అక్షరం మార్చి అమరికను అలాగే ఉంచడం చిత్తరువు. ఒకే మూలం నుంచి పుట్టినా తనదైన రూపంతో నిలవడం మూడవ కోవ. 2018లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ చిహ్నంలోని పూర్ణఘటం అమరావతి శిల్పసంపదలోనిది. అది సమష్టి వారసత్వం కనుక, దానిని గ్రహించడం చౌర్యం కాదు. పరీక్షించవలసింది దాని చుట్టూ చేసిన అమరికను.

3. రెండు వివాదాలు

టోక్యో ఒలింపిక్స్ కోసం కెంజిరో సానో రూపొందించిన చిహ్నం 2015లో బెల్జియంలోని లియేజ్ నాటకశాల లోగోను పోలివుందన్న ఆరోపణకు గురైంది. సానో ఆరోపణను ఖండించాడు. నిర్వాహకులు తొలి చిత్తుప్రతిని చూపగా, అది మరో పోలికకు దారితీసింది. సెప్టెంబరులో చిహ్నాన్ని ఉపసంహరించారు. తరువాతి ఎంపికలో తుది నాలుగు నమూనాలపై ప్రజాభిప్రాయం కోరారు.

తెలంగాణ వివాదం వేరు. 2014లో ఏలె లక్ష్మణ్ రూపొందించిన రాజముద్రలో కాకతీయ కళాతోరణం, చార్మినార్ ఉన్నాయి. అవి రాచరిక చిహ్నాలన్న వాదనతో 2024లో ప్రభుత్వం మార్పునకు పూనుకుంది. కొత్త నమూనా బాధ్యత రుద్ర రాజేశంకు అప్పగించింది. నిరసనల నేపథ్యంలో జూన్ 2న జరగవలసిన ఆవిష్కరణ వాయిదా పడింది. ఇక్కడ ఎవరూ చౌర్యాన్ని ఆరోపించలేదు. ఎవరి చరిత్రకు చోటు దక్కాలన్నదే ప్రశ్న. దీనికి చిత్రకారుని నైపుణ్యం సమాధానం కాజాలదు. నిర్ణయించిన ప్రభుత్వమే జవాబుదారీ.

4. ముగింపు

అనుకరణ ఆరోపణకు చిత్తుప్రతులు, మూలాల వివరణ, పూర్వచిహ్నాల పరిశీలన సమాధానాలు. ప్రాతినిధ్య విమర్శకు బహిరంగ చర్చ సమాధానం. మొదటిదానికి ఆగ్రహంతోనూ, రెండవదానికి కళాస్వేచ్ఛ పేరుతోనూ బదులిస్తే వివాదం ముదురుతుంది. విమర్శకునికీ ఒక బాధ్యత ఉంది: రెండు రూపాలను పక్కపక్కన పెట్టి పోలిక ఏ కోవలోనిదో తేల్చిన తరువాతే ‘చౌర్యం’ అన్న మాట వాడాలి. ఆ ఒక్క మాట చిత్రకారుని జీవితకాలపు కృషిని ప్రశ్నార్థకం చేయగలదు.