తోలు మీద గీసిన మఠం

ఐదు తోలు పత్రాలను కలిపి కుట్టి, ఎర్ర సిరాతో గీసిన పటం అది. పొడవు 112 సెంటీమీటర్లు, వెడల్పు 77 సెంటీమీటర్ల పైచిలుకు. సుమారు 40 కట్టడాలు, ఏది దేనికో చెప్పే 333 లాటిన్ రాతలు అందులో ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్ మఠ గ్రంథాలయం దాన్ని నేటికీ కాపాడుతోంది.

క్రీ.శ. 612 ప్రాంతంలో గాలస్ అనే సన్యాసి అక్కడి వాగు పక్కన కుటీరం వేసుకున్నాడు. 719లో ఒట్మార్ అనే ఆయన దాన్ని మఠంగా తీర్చిదిద్దాడు. 747లో సన్యాసుల జీవితాన్ని నిర్దేశించే బెనెడిక్ట్ నియమావళి అక్కడ అమల్లోకి వచ్చింది. నీళ్లు, మర, తోట, చేతిపనులు అన్నీ ప్రహరీ లోపలే ఉండాలనీ, సన్యాసులకు బయట తిరిగే పని పడకూడదనీ ఆ నియమావళి చెబుతుంది. వచ్చిన అతిథిని మాత్రం సాక్షాత్తు క్రీస్తులా ఆదరించాలంటుంది. ఏకాంతం చెడకుండా పదిమందికీ చోటివ్వడం ఎలా?

820ల ప్రాంతంలో రైకనౌ మఠంలో తయారై, గాలెన్ మఠాధిపతి గోజ్‌బెర్ట్‌కు అందిన ఈ పటమే దానికి జవాబు.

మధ్యలో చర్చి. దానికి దక్షిణంగా చతురస్రపు ఆవరణ, చుట్టూ నడవా. తూర్పు వైపు కింద వెచ్చదనమిచ్చే గది, దాని మీద పడకశాల. కింది పొయ్యి వేడే పైవాళ్ల చలి పోగొడుతుంది. అర్ధరాత్రి ప్రార్థనకు లేచినవాళ్లు అక్కడి నుంచే చర్చిలోకి వెళ్లొచ్చు. దక్షిణాన భోజనశాల, పడమట పీపాల కొట్టు. సన్యాసి దినచర్య అంతా ఆ నడవా చుట్టూనే సాగుతుంది.

బయటివాళ్లకు వేరే దారులు. ఉత్తరాన గొప్పింటి అతిథుల విడిది, బడి, మఠాధిపతి ఇల్లు. చర్చికి అవతలి పక్కన యాత్రికులకూ పేదలకూ సత్రం. అతిథులకు వంటలు కూడా విడిగానే. ఇన్ని వర్గాలవాళ్లు ఒకే ప్రహరీలో ఉన్నా ఒకరి పని ఒకరికి అడ్డురాదు. ఈ పటంలోని అసలు నేర్పు అదే.

ఈశాన్య మూల వైద్యుడి ఇంటి పక్కన 16 మడుల మందుల తోట ఉంది. ఒక్కో మడిలో ఒక్కో మొక్క పేరు రాసి ఉంది: గులాబీ, పుదీనా, ఇంకా మన పోపులపెట్టెలోని మెంతులు, జీలకర్ర, సోంపు. కూరగాయల తోటలో 18 మడులు. ఉల్లి, వెల్లుల్లి, కొత్తిమీర, ముల్లంగి వాటిలో కొన్ని. శ్మశానాన్నీ వృథాగా వదల్లేదు. సమాధుల నడుమ యాపిల్, బేరి వంటి పండ్లచెట్లు నాటమన్నారు.

పటంలో ఉన్నది ఉన్నట్టుగా మఠం ఎన్నడూ కట్టలేదు. గోజ్‌బెర్ట్ మాత్రం 830లో కొత్త చర్చి మొదలుపెట్టాడు. 12వ శతాబ్దంలో ఎవరో పటం వెనుక సెయింట్ మార్టిన్ జీవితచరిత్ర రాసి, పుస్తకంలా మడిచారు. చోటు చాలక ముందువైపు ఒక మూల బొమ్మను చెరిపేశారు కూడా. అయినా పటం చేతులు మారకుండా, చెత్తలో కలవకుండా మిగిలిందంటే ఆ రాత పుణ్యమే.

ఇప్పుడక్కడ కనిపించే గ్రంథాలయ మందిరం 18వ శతాబ్దంలో పీటర్ థుంబ్ అనే వాస్తుశిల్పి కట్టింది. 1805లో మఠం మూతపడినా పుస్తకాలు అక్కడే ఉన్నాయి. 1983లో యునెస్కో ఈ ప్రాంగణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. జర్మనీలోని మెస్‌కిర్చ్ దగ్గర 2013 నుంచి 9వ శతాబ్దపు పనిముట్లతోనే ఈ పటాన్ని నిజమైన కట్టడంగా లేపుతున్నారు. పటం డిజిటల్ ప్రతి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. హాస్టళ్లు, ఆసుపత్రులు, బడులు గీసే మన ఆర్కిటెక్చర్ విద్యార్థులు దాన్ని ఒక్కసారైనా తెరిచి, ఏ తలుపు ఎవరి కోసం పెట్టారో గమనించాలి.