రెండు బిల్లులు, ఒకే తీగ

2024 అక్టోబరు 11 రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో మైసూరు-దర్భంగా బాగ్‌మతి ఎక్స్‌ప్రెస్ చెన్నై-గూడూరు దారిలోని కవరైపేట్టై స్టేషన్లో మెయిన్ లైన్ వదిలి లూప్ లైన్లోకి వెళ్ళి, అక్కడ ఆగి ఉన్న గూడ్సు బండిని వెనక నుంచి గుద్దింది. సిగ్నల్ ఇచ్చింది మెయిన్ లైన్‌కే. పెట్టెలు పట్టాలు తప్పాయి, ఒక పెట్టెకు నిప్పంటుకుంది, చాలామందికి గాయాలయ్యాయి. అంత ప్రమాదంలోనూ ఒక్క ప్రాణం పోలేదని తెలిశాక ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఊపిరి పీల్చుకున్నాయి.

ఆ రాత్రి చెన్నై-గూడూరు దారి మూసుకుపోయింది. పైకి వెళ్ళాల్సిన బండ్లను అరక్కోణం, రేణిగుంట మీదుగా మళ్ళించారు. అంటే తిరువళ్ళూరు దాటి, తిరుత్తణి మీదుగా కొండల అంచున పోయి, మళ్ళీ గూడూరు దగ్గర పాత దారిలో కలవడం. దూరం ఎక్కువే. కానీ కవరైపేట్టైలో ఏం జరిగినా ఆ దారికి అంటదు. ఇంటర్నెట్ కనెక్షన్లు బిగించే పనిలో ఉన్న నాకు ఆ మళ్ళింపు చాలా నేర్పింది. రెండో దారి అంటే అలా ఉండాలి.

కవరైపేట్టై చుట్టూ, పొన్నేరి నుంచి గుమ్మిడిపూండి దాకా చిన్న ఫ్యాక్టరీలు, గోడౌన్లు, నర్సింగ్ హోములు, కాలేజీలు ఉన్నాయి. వీటిలో చాలాచోట్ల ఇప్పుడు ఒక ఫైర్‌వాల్ పెట్టె, దానికి రెండు ఇంటర్నెట్ లైన్లు అడుగుతున్నారు. అడగడానికి కారణముంది. సిప్కాట్ పారిశ్రామికవాడలోని ఫ్యాక్టరీ నుంచి 50,000 రూపాయలు దాటిన సరుకు ఆరంబాక్కం చెక్‌పోస్టు దాటి ఆంధ్రలోకి పోవాలంటే ఈ-వే బిల్లు కావాలి. నెట్ లేకపోతే బిల్లు రాదు, బిల్లు లేనిదే లారీ గేటు దాటదు. డ్రైవరు, క్లీనరు నీడ వెతుక్కుని కూర్చుంటారు. నెలలో 20వ తేదీ వచ్చిందంటే జీఎస్‌టీ రిటర్ను కోసం అకౌంటెంటు పడే హైరానా వేరు. అందుకే ఓనర్లు రెండు కంపెనీల దగ్గర రెండు కనెక్షన్లు తీసుకుని, రెండు బిల్లులు కట్టి, ఇక భయం లేదనుకుంటారు.

ఆ ధీమా ఎంత నిజమో తెలియాలంటే ఆఫీసు వదిలి వీధిలోకి రావాలి. ఒక గోడౌన్ దగ్గర లైన్‌మ్యాన్‌తో కలిసి తీగ వెంట నడిచాను. గేటు ముందు కరెంటు స్తంభానికి నల్లటి జాయింట్ డబ్బా వేలాడుతోంది. అతను నిచ్చెనెక్కి మూత తీశాడు. లోపల ట్రేలో వెంట్రుకంత సన్నటి పోగులు, ఒక్కోటీ ఒక్కో రంగు, చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. "నీలం ఒక కంపెనీది, ఆరెంజి ఇంకో కంపెనీదన్నా," అన్నాడు. "రెండూ మన కేబుల్లోనే పోతాయి. పైన పేర్లే వేరు." ఇక్కడి చాలా ఊళ్ళలో ఇదే పద్ధతి. స్థానిక కేబుల్ ఆపరేటరు ఒక్కడే రెండు మూడు కంపెనీల సర్వీసును తన తీగ మీద ఇంటింటికీ అందిస్తాడు. అందులో అతని తప్పేమీ లేదు, అది అతని బతుకుదెరువు. కానీ ఆ తీగ మీద కొబ్బరి మట్ట పడితే నీలం, ఆరెంజి కలిసే తెగుతాయి.

అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్ళను స్పీడెంత, ధరెంత అని కాక, తీగ ఎటునుంచి వస్తుందని మొదట అడుగుతాను. కవరైపేట్టై ఈ విషయంలో అదృష్టమున్న ఊరు. 16వ నంబరు జాతీయ రహదారి పక్కన కందకాల్లో ఫైబరు పోతుంది. రైలు పట్టాల వెంట రైల్‌టెల్ ఫైబరు ఉంది. హైటెన్షన్ టవర్ల కొసన పిడుగుల నుంచి కాపాడే తీగ ఉంటుంది కదా, దాని కడుపులోనే ఫైబరు పెట్టి పవర్‌గ్రిడ్ సంస్థ దేశమంతా నెట్‌వర్కు నడుపుతోంది. రోడ్డు పని చేసే జేసీబీ మొదటిదాన్ని తెంపగలదు, మూడోదాన్ని తాకలేదు. ఒక లైను రోడ్డు పక్క నుంచి, ఇంకోటి వేరే మార్గంలో తెచ్చుకోవడం ఖర్చుతో కూడిన పనే. అయినా అడిగి చూడాలి, మార్గం కాగితం మీద గీసి ఇమ్మనాలి. ఇవ్వనంటే మనమే నడిచి చూసుకోవాలి. రెండో లైనుగా మొబైల్ సిమ్ పెట్టుకుంటామని కొందరంటారు. మంచి ఆలోచనే, చాలాచోట్ల నేనే పెట్టిస్తాను. కాకపోతే ఆ టవరు కూడా రోడ్డు పక్క ఫైబరు మీదే ఆధారపడి ఉండొచ్చు. అదీ కనుక్కోవాలి.

ఇది చిన్న ఊళ్ళ సమస్యే అనుకోనక్కర్లేదు. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో రెండు కేబుళ్ళు తెగాయి. ఒకటి సీ-మీ-వీ 4, ఇంకోటి ఫ్లాగ్. యజమానులు వేరు, పేర్లు వేరు. పోయే దారి మాత్రం ఆ చోట దాదాపు ఒకటే. ఇండియాలో ఇంటర్నెట్ రోజుల తరబడి కుంటింది. అప్పుడు కాస్త నిలబడినవాళ్ళు చెన్నై నుంచి తూర్పుగా సింగపూర్ వైపు దారి ఉంచుకున్నవాళ్ళు. స్తంభం మీది డబ్బాలో నేను చూసిందే అక్కడ సముద్రం అడుగున జరిగింది.

ఇక ఫైర్‌వాల్ పెట్టె లోపలి పని. నేను ఎక్కువగా వాడేది పీఎఫ్‌సెన్స్ అనే ఫైర్‌వాల్. ఫైర్‌వాల్ ఏ కంపెనీదైనా సూత్రాలు ఒకటే. మొట్టమొదటి చిక్కు ఎప్పుడూ చిరునామాల దగ్గరే వస్తుంది. రెండు కంపెనీల ఫైబర్ మోడెములూ తరచుగా 192.168.1.1 అనే చిరునామాతోనే వస్తాయి. ఫైర్‌వాల్ లోపలి వైపు కూడా ఫ్యాక్టరీ నుంచి అదే నంబరుతో వస్తుంది. మూడింటికీ ఒకే నంబరుంటే ఏ ప్యాకెట్ ఎటు పోవాలో పెట్టెకు తెలియదు. ఒక మోడెమును బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టాలి, లేదా దాని నంబరు మార్చాలి. లోపలి నెట్‌వర్కును ఎవరూ వాడని నంబరుకు జరపాలి. ఇది చెయ్యకుండా తర్వాతి మెట్టు ఎక్కితే గంటలు వృథా.

తర్వాత గేట్‌వే గ్రూపు. రెండు లైన్లనూ టియర్ 1లో పెడితే పని పంచుకుంటాయి. ఒకటి టియర్ 1, ఇంకోటి టియర్ 2 అంటే మొదటిది పడినప్పుడే రెండోది లేస్తుంది. అందరికీ మొదటి పద్ధతి మీద మోజు. రెండు లైన్లకూ డబ్బు కడుతున్నప్పుడు రెండూ వాడుకోవాలని ఉండడం సహజం. అయితే బ్యాంకు సైటు తెరిచినవాడి ఒక క్లిక్కు ఒక లైన్లో, రెండో క్లిక్కు ఇంకో లైన్లో పోతే, ఎవరో చొరబడ్డారనుకుని బ్యాంకు బయటికి తోసేస్తుంది. అందుకే అకౌంట్స్ కంప్యూటర్లకు విడిగా రూలు రాసి ఒకే లైను మీద నిలబెడతాను. చిన్న ఆఫీసుకు టియర్ 1, టియర్ 2 పద్ధతే మేలని నా అభిప్రాయం. నిదానమైన ఏర్పాటు, అర్ధరాత్రి ఫోను రానివ్వదు.

అసలు కీలకం మాత్రం లైను చచ్చిందని పెట్టెకు ఎలా తెలుస్తుందన్నది. తన పక్కనున్న గేట్‌వేకి అరసెకనుకోసారి పింగ్ పంపి, జవాబు వస్తే బతికే ఉందనుకుంటుంది. ఆ గేట్‌వే చాలాసార్లు మన గదిలోని మోడెమే. బయట రోడ్డు మీద ఫైబరు తెగినా మోడెము మాత్రం ఉన్నానని పలుకుతూనే ఉంటుంది. తెర మీద పచ్చగా కనిపిస్తుంది, లోపల ఒక్క పేజీ తెరుచుకోదు. కాబట్టి పింగ్‌ను దూరానికి పంపమని చెప్పాలి. ఒక లైనుకు 8.8.8.8, ఇంకో లైనుకు 1.1.1.1. రెండింటికీ ఒకే చిరునామా ఇవ్వకూడదు, ఎందుకంటే పీఎఫ్‌సెన్స్ ఆ చిరునామాను ఆ లైనుకే కట్టేస్తుంది. సైట్ల పేర్లు వెతికిపెట్టే డీఎన్‌ఎస్ కూడా లైనుకొకటి ఉండాలి. లేకపోతే దారి మారినా పేర్లు దొరకవు.

నెట్ మీద మాట్లాడుతున్న కాల్ లైను మారే క్షణంలో తెగుతుంది. బయటి ఐపీ మారిపోతుంది కాబట్టి దాన్ని ఆపలేం, ముందే చెప్పి ఉంచాలి. మొదటి లైను తెగుతూ కలుస్తూ ఉంటే పెట్టె అటూఇటూ ఊగకుండా ప్యాకెట్ లాస్ హద్దులు కాస్త సడలించాలి.

బిగించాక పరీక్ష. చాలామంది ఫైర్‌వాల్ వెనక నెట్‌వర్క్ కేబుల్ పీకి, రెండో లైను లేచిందని చూపించి సంతకం తీసుకుంటారు. అది తేలిక పరీక్ష. తీగ ఊడితే ఏ పెట్టె అయినా పసిగడుతుంది. నేను ఆ కేబుల్‌ను అలాగే ఉంచి, మోడెము వెనక పచ్చ కొస ఉన్న ఫైబరును పీకుతాను. ఎర్ర లైటు వెలుగుతుంది, మోడెము మాత్రం ఇంకా పింగ్‌కు పలుకుతుంది. అప్పుడు లైను మారితేనే పని అయినట్టు. ఓనరు ఎదురుగా, ఆయన కంప్యూటర్లో ఈ-వే బిల్లు సైటు తెరిచి ఉండగా చేస్తాను. తర్వాత కరెంటు. రెండు మోడెములూ, ఫైర్‌వాలూ యూపీఎస్ మీద ఉన్నాయా చూస్తాను. ఆపరేటరు గదిలో బ్యాటరీ ఎన్ని గంటలు ఆగుతుందో అడుగుతాను. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను చెన్నై మీద విరుచుకుపడ్డాక ఫైబరు నిలిచిన చోట కూడా కరెంటు లేక నెట్ రాలేదు.

చివరగా రాక్ తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటిస్తాను. ఏ లైను ఏ స్తంభం మీదుగా, ఏ రోడ్డు వైపు నుంచి వస్తుందో మొదటి వరుసలో ఉంటుంది. కంపెనీ పేరు, ఫిర్యాదుకు ఫోను నంబరు ఆ కిందే. నేను ఊళ్ళో లేనప్పుడు వాచ్‌మ్యాన్ ఆ కాగితం చదివి, ముందు ఏ స్తంభం దగ్గరికి వెళ్ళాలో లైన్‌మ్యాన్‌కు ఫోన్లో చెప్పగలగాలి.