డోడో బొమ్మలు, బ్రతికి ఉన్న పక్షులు

ఈ ఉగాది సందర్భాన మన మందిరం ప్రక్క శాలలో, మన సోదర సోదరీమణులు తీరిక వేళల్లో చెక్కిన కొయ్య బొమ్మలనూ, తీసిన ఛాయాచిత్రాలనూ ప్రదర్శనకు ఉంచారు. విషయం మారిషస్ పశుపక్ష్యాదులు. వీరిలో వృత్తి కళాకారులు ఎవరూ లేరు. బస్సు నడిపేవారు, కుట్టుపని చేసేవారు, పింఛను తీసుకునేవారు, కాలేజీ పిల్లలు ఉన్నారు. అందరినీ మెచ్చుకొని, శాలువా కప్పి పంపడం మన సభల ఆనవాయితీ. కాని కష్టపడి పని చేసినవారికి ఒట్టి మెప్పుకంటే, వారి పనిని నిదానంగా చూసి చెప్పిన మాట ఎక్కువ మేలు చేస్తుంది. ఆ ఉద్దేశంతోనే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

కొయ్య బొమ్మల్లో సగానికి పైగా డోడోలే. ఇందులో ఆశ్చర్యం లేదు. డోడో మన దేశపు రాజముద్రలో ఉన్నది, తువ్వాళ్ళ మీద ఉన్నది, అంగట్లో ప్రతి బల్ల మీదా ఉన్నది. అయితే డోడోను చెక్కడానికి అడవికి వెళ్ళనక్కరలేదు. డచ్చివారు ఈ దీవిలో దిగినది 1598లో. ఆ పక్షిని చివరిసారి చూసినట్టు ఎక్కువమంది అంగీకరించే సంవత్సరం 1662. అప్పటినుండి చెక్కేవారందరూ బొమ్మను చూసి బొమ్మ చెక్కుతున్నారు. 1626 ప్రాంతంలో రోలాంట్ సావరీ అనే చిత్రకారుడు చిత్రించిన లావుపాటి డోడోయే నేటికీ మన బల్లల మీద పొట్ట వేసుకొని కూర్చున్నది. ఎముకలను పరిశీలించిన పండితులు అది అంత లావుపాటిది కాదని ఏనాడో చెప్పారు.

ఆ ఎముకలు దొరికిన కథ మనవారు తెలుసుకోదగినది. 1865లో మాయేబూర్‌లో బడిపంతులుగా ఉన్న జార్జ్ క్లార్క్, మార్ ఓ సోంజ్ అనే చిత్తడి నేలలోకి కూలీలను దింపాడు. వారు మొలలోతు లేని నీటిలో బురదను ఉత్తకాళ్ళతో తడుముతూ ఎముకలను పట్టుకున్నారు. కీర్తి క్లార్క్‌కు దక్కింది. కాని డోడోను మొదట తాకినవి కూలీల అరికాళ్ళే. ఒప్పందపు కూలీల మనుమలమైన మనకు డోడో మీద హక్కు ఏదైనా ఉంటే, అది తువ్వాలు మీది బొమ్మ వల్ల రాలేదు, ఆ పాదాల వల్ల వచ్చింది.

ప్రదర్శనలోని డోడోలలో ఒకటి మాత్రం నన్ను ఆపింది. దానిని చెక్కినవారు బస్సు డ్రైవరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన. ఆయన పోర్ట్ లూయీ మ్యూజియానికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి అక్కడి అస్థిపంజరాన్ని చూసి వచ్చారు. ఆ అస్థిపంజరాన్ని ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ళలో వెలికి తీసిన ఎతియేన్ తిరియూ కూడా క్షురకవృత్తి చేసుకుంటూ తీరిక వేళల్లో ఎముకలు వెదికినవాడే. పెద్దాయన డోడోకు కాళ్ళు బలంగా ఉన్నాయి, నడుము నిటారుగా ఉన్నది. పనస కొయ్య మీద ఉలి దెబ్బలను గరుకు కాగితంతో చెరిపివేయలేదు. అది నవ్వదు. నడిచిపోబోతున్నట్టు ఉంటుంది.

బ్రతికి ఉన్న పక్షుల దగ్గరకు వస్తే మన లోపం మరింత తెలుస్తుంది. డేగను చెక్కినవారు ముగ్గురు. క్రియోల్‌లో మన పెద్దలు దీనిని మాంజేర్ దె పూల్, అనగా కోళ్ళను తినేది, అని పిలిచి రాళ్ళతో కొట్టేవారు. నిజానికి ఇది ఎక్కువగా తినేది చెట్ల మీద తిరిగే పచ్చని బల్లులను. అడవులు పోయి, మలేరియా దోమల కోసం చల్లిన డి.డి.టి. ఒంటికి పట్టి, 1974 నాటికి అడవిలో తెలిసినవి నాలుగు పక్షులే మిగిలాయి. గుడ్లను పొదిగించి, పిల్లలను పెంచి వదలడం వల్ల ఆ జాతి నిలిచింది. 2022లో దానిని మన జాతీయ పక్షిగా ప్రకటించారు. ఇంత చరిత్ర గల పక్షికి మన శిల్పులు ముగ్గురూ పొడవైన, మొన తేలిన రెక్కలు పెట్టారు. అవి ఐరోపా పక్షుల పుస్తకంలోని రెక్కలు. మన డేగ రెక్కలు పొట్టివి, గుండ్రనివి. కొమ్మల మధ్య చటుక్కున మలుపు తిరగడానికి తగినట్టు ఉంటాయి. రెక్క తప్పితే ఆ పక్షి బ్రతికే తీరే తప్పినట్టు. నునుపు ఎంత చక్కగా ఉన్నా ఈ లోటును పూడ్చలేదు.

ఛాయాచిత్రాలలో రెండు సంగతులు చెప్పాలి. "మారిషస్ చిలుక" అని చీటీ అంటించిన నాలుగు ఫోటోలలో మూడింటిలో ఉన్నది మన దేశపు కాతో వేర్ కాదు. అది ఇండియా నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన రామచిలుక. మనలాగే వలస వచ్చిన పిట్ట గనుక దాని మీద ప్రేమ ఉండడం సహజమే. కాని పేరు మార్చి చూపడం తగదు. కాతో వేర్ తోక పొట్టి, ఆకుపచ్చ ముదురు, ఆడదాని ముక్కు నల్లన. రామచిలుకలో ఆడదాని పై ముక్కు కూడా ఎర్రగానే ఉంటుంది. ఇంతమాత్రం చూడడానికి ఖరీదైన లెన్సు అక్కరలేదు.

రెండవది గులాబీ పావురం. వెలుతురు బాగుంది, కన్ను స్పష్టంగా ఉంది. కాని ప్రతి ఫోటోలోనూ పక్షి కాళ్ళ దగ్గర కత్తిరించారు. కారణం అడిగితే, కాలికి రంగు కడియాలు ఉన్నాయి, సహజంగా కనబడదని చెప్పారు. 1990 ప్రాంతంలో అడవిలో పదింటి దాకా మాత్రమే మిగిలిన పావురం ఇది. ఆ కడియం ఒకరు దానిని లెక్కపెట్టారనీ, కాపాడారనీ చెప్పే గుర్తు. మన తాతలకు కూడా దిగిన నాడే ఒక నంబరు ఇచ్చారు. ఆ నంబరు పట్టుకొనే నేడు మనం వారి ఊరూ పేరూ వెదుక్కుంటున్నాము. అటువంటి మనం కడియాన్ని కత్తిరించి పారవేయడం నాకు నచ్చలేదు.

ప్రదర్శనలో ఉత్తమమైనదని నేను భావించేది అందమైన ఫోటో కాదు. కుట్టుపని చేసే ఒక సోదరి తన పెరటిలో లీచీ చెట్టుకు కప్పిన వలలో చిక్కిన గబ్బిలాన్ని తీశారు. వల దారాలూ, గబ్బిలం రెక్కలోని వ్రేళ్ళ ఎముకలూ ఒకదానితో ఒకటి కలిసిపోయి కనబడతాయి. వెనుక పండిన లీచీ గుత్తులు. పండ్లు పోతే ఆ ఇంటికి నష్టమే. గబ్బిలం పోతే అడవి చెట్ల గింజలను మోసుకుపోయేది ఉండదు. 2015 మొదలు ప్రభుత్వం పలుమార్లు వేలాదిగా గబ్బిలాలను చంపించింది. 2018లో ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘం వీటిని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా చేర్చింది. ఈ తగవును ఆ ఫోటో తీర్చదు, దాచనూ దాచదు. మహాకవి జాషువా 1941లో, అందరూ అశుభమని తరిమే గబ్బిలం చేత ఒక పేదవాని మొర శివునికి పంపించారు. మన సాయంకాలపు తరగతుల్లో ఆ కావ్యం చదివినవారు ఈ ఫోటో ముందు కాసేపు నిలబడతారు.

ఇక కొయ్యను గురించి. ఎబోనీ దొరకడం లేదని ఇద్దరు శిల్పులు నొచ్చుకున్నారు. ఎబోనీ మన పెద్దల ఊళ్ళలోని తుమికి చెట్టుకు దాయాది. దానిని డచ్చివారు నరికి ఓడలకెత్తారు. మిగిలిన అడవిని తరువాతివారు చెరకు కోసం కొట్టించారు. చెడకుండా మిగిలిన అడవి నేడు నూటికి రెండు పాళ్ళు కూడా లేదు. ఏటికొప్పాకవారు అంకుడు కర్రతోనూ, కొండపల్లివారు పొణికి కర్రతోనూ బొమ్మలు చేసి పేరు తెచ్చుకున్నారు. అవి రెండూ విలువైన కలప కావు, దగ్గర దొరికే తేలికపాటి కర్రలు. తుపానుకు కూలిన మామిడి, పనస మనకు చాలు.

చివరిగా చీటీల సంగతి. చాలా బొమ్మల క్రింద "పక్షి" అని మాత్రమే తెలుగులో వ్రాశారు. పేరు లేనిదాన్ని పిల్లవాడు మళ్ళీ అడగలేడు. డేగ, చిలుక, గబ్బిలం అన్న మాటలను మన పెద్దలు ఓడలో తెచ్చుకున్నారు. వాటి ప్రక్కన క్రియోల్ పేరూ, ఆ ప్రాణిని చూసిన చోటూ, చూసిన నెలా వ్రాయండి. చోటు వ్రాయాలంటే అక్కడికి వెళ్ళక తప్పదు. వచ్చే ఉగాదికి నేను ముందుగా చదివేది ఆ చీటీలనే.