కన్యాశుల్కమున తండ్రి

గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’పై వెలసిన విమర్శలో గిరీశమునకును మధురవాణికిని దక్కిన చోటు అగ్నిహోత్రావధానులకు దక్కలేదు. దక్కిన కొలదిచోటను ధనాశాపరుడు, కోపిష్ఠి, మూర్ఖుడు అను మూడు విశేషణములతో ఆయనను సరిపుచ్చుట పరిపాటియైనది. అవి అసత్యములని నేననను. చాలునా అనియే నా ప్రశ్న. కూతురి పెండ్లి తలపెట్టిన తండ్రి మనస్సున రెండు భావములు పెనగులాడుట లోకసిద్ధము. కంటతడి పెట్టుటకు గాని, స్వగతము పలుకుటకు గాని అవకాశమీయని హాస్యరూపకము ఆ పెనగులాటను ఎట్లు చూపును? ‘కన్యాశుల్కము’ దీనికి విలక్షణమైన సమాధానమిచ్చినదని నా అభిప్రాయము.

గంభీరనాటకమునకు ఈ పని తేలిక. ‘అభిజ్ఞాన శాకుంతలము’ చతుర్థాంకమున కణ్వుడు అడవిలో తపస్సు చేసికొను తనకే పెంపుడు కూతురి ఎడబాటు ఇంత దుఃఖము కలిగించుచుండగా సంసారుల పాటు ఎట్టిదోయని వాపోవును. అంకము ముగియు వేళకు అతడే, కన్య పరుల సొత్తనియు, దాచుమని యిచ్చిన సొమ్మును సొంతదారునకు అప్పగించినవానివలె తన అంతరంగము తేటపడినదనియు చెప్పుకొనును. దుఃఖమును ఊరటయు ఒకే నోట, ఒకే అంకమున వెలువడినవి. ఆ ఊరటను తెలుపుటకు మహర్షికి సైతము దొరకినది ధనమునకు సంబంధించిన ఉపమానమే. కణ్వునకది ఉపమానమాత్రము. హాస్యరూపకమున తండ్రి దానిని వాచ్యార్థముగనే గ్రహించును.

క్రీ. పూ. 184లో మృతినొందిన రోమను నాటకకర్త ప్లాటస్ వ్రాసిన ‘అవులులారియా’లో యూక్లియో అను ముసలివానికి ఒక బంగారు కుండయు, ఒక కూతురును గలరు. పొరుగున నున్న ధనికుడు కట్నము లేకుండ పిల్లను చేసికొందునని అడిగిన, తండ్రి సంతోషింపలేడు. వీడు కుండను పసికట్టినాడని గుండెలు బాదుకొని యింటికి పరుగెత్తును. అటుపిమ్మట లైకొనిడీస్ అను యువకుడు కూతురి విషయమున తాను చేసిన అపరాధమును ఒప్పుకొనవచ్చును. అప్పటికి కుండ పోయినది. యువకుడు పలుకుచున్నది పిల్లను గూర్చి. ముసలివాడు వినుచున్నది కుండను గూర్చి. లాటిను భాషలో కుండకు వాడు శబ్దము స్త్రీలింగమగుటచే ఒకే సర్వనామము రెంటికిని సరిపోయినది. 1668లో మోలియేరు తన ‘పిసినారి’ నాటకమున ఈ ఘట్టమునే గ్రహించి కుండకు బదులు నగదుపెట్టెను పెట్టెను. ఫ్రెంచిభాషలో ఆ శబ్దమును స్త్రీలింగమే కావున హాస్యము చెడలేదు.

తెలుగువారమైన మనము ఇచట ఒక క్షణము నిలువవలెను. రోమను కవికి లింగసామ్యము యాదృచ్ఛికముగ చేసిపెట్టిన సదుపాయమును మన వ్యాకరణము నిత్యవ్యవహారమున సమకూర్చియున్నది. స్త్రీవాచకము ఏకవచనమున క్లీబమువలె ప్రవర్తించునని చిన్నయసూరి చదివిన ప్రతి విద్యార్థికిని తెలియును. తండ్రి కూతురిని ‘అది’ యనును; పెట్టెను, పొలమును ‘అది’ యనును. మొదటిదానిలో చనవు గలదు, ముద్దు గలదు. అయినను కన్యకు వెల కట్టు ఇంట ఆ మాట వినబడినపుడు ఏ ‘అది’ ఎచట ముగిసినదో ఏర్పరచుట కష్టము. ఇది భాషపై నిందారోపణ కాదు. పాత్రోచిత భాషను పట్టుదలతో సాధించిన నాటకకర్తకు ఇట్టి సందిగ్ధత ఎంత ఉపకరించునో సూచించుట మాత్రమే.

అగ్నిహోత్రావధానుల స్థితి యూక్లియో స్థితికన్న జటిలము. యూక్లియోకు కూతురొకతె, ఈయనకు ఇద్దరు. పెద్దది బుచ్చమ్మ, వృద్ధున కీయబడి బాలవితంతువై పుట్టింట నున్నది. చిన్నది సుబ్బి, 1800 రూపాయలకు లుబ్ధావధానులను ముసలివానికి నిశ్చయింపబడినది. అనగా రెండవ బేరము కుదుర్చుకొను తండ్రి కన్నుల యెదుట మొదటి బేరము ఫలితము దినదినము తిరుగాడుచున్నది. తల్లి వెంకమ్మ బావి పాలగుటకు తెగించును. బావమరది కరటకశాస్త్రి ఈ సంబంధము చేసినచో కొంపకు నిప్పు పెట్టుదునని బెదరించును. అవధానులు వీరికి తగ్గట్లే కేకలు వేయగలడు. తాంబూలములు ఇచ్చివేసితినని ఆయన తెగవేసిన మాట నేడు నాటకము చదువనివారి నోటను సామెతగా నాడుచున్నది.

కాని ద్వితీయాంకమున భోజనము వేళ బుచ్చమ్మ నోరు విప్పును. ఇతరులమీది కోపముతో చెల్లెలి గొంతు కోయవలదని తండ్రిని వేడుకొనును. ఆమె తన గతిని ఏకరువు పెట్టలేదు. ఆ అవసరమును లేదు. అవధానులు ఆమెకు వాదముతో బదులీయడు. ఉత్తరాపోశనము పట్టకుండనే విస్తరి ముందునుండి లేచి, చెంబులోని నీటిని ఆమె నెత్తిపై కుమ్మరించి వెడలిపోవును.

ప్రదర్శనలలో ఈ ఘట్టమునకు నవ్వుదురు, నవ్వవలసినదే. కాని శ్రోత్రియుడైనవాడు ఉత్తరాపోశనము విడిచి లేచుట సామాన్యమైన చేష్ట కాదు. తన నియమమునే మరచునంతటి కలత ఆయనకు బావమరది బెదరింపువలన కలుగలేదు. పెద్దకూతురి వేడికోలువలన కలిగినది. ఆచారము, తాంబూలము, ఇచ్చిన మాట అనునవి ఇతరుల యెదుట ఆయనకు ఆయుధములు. బుచ్చమ్మ యెదుట అవి పనికిరావు. వానిని నమ్మి చేసిన పని ఫలమే ఆమె. తాను పుచ్చుకొనవలసిన నీరు ఆమె తలపై పడినది. కన్యాదానమున తండ్రి ధారవోయునదియు నీరే యని నాకు తోచక మానదు. గురజాడ దీనిని ఉద్దేశించెనని నేను సాధింపబోను. శుల్కము గైకొన్న తండ్రి చేసినది దానము కాదని ధర్మశాస్త్రము ఎరిగిన వారికి ఆ నీటిచెంబు మరియొక అర్థమును స్ఫురింపజేయుననుట మాత్రము నిరాకరింపరానిది.

ఇది వట్టి కోపమే, ఇందు మనోవేదనను వెదకుట అతివ్యాఖ్య యని ఆక్షేపింపవచ్చును. కోపమే, నేనును కాదనను. అపరాధభావమునకు మాటలు నేర్వని మనుష్యుని యందు అది కోపముగనే పైకివచ్చునని నా వాదము. ఇంతమాత్రమున అవధానులను కణ్వునిగా జేయరాదు. నీరు కుమ్మరించిన పిమ్మట ఆయన పెండ్లి ప్రయత్నము మానలేదు. కలత కలిగినది, వెల మారలేదు. నాటకమునకు గురజాడ వ్రాసిన ఆంగ్లపీఠికలో విజయనగర మహారాజావారు తయారుచేయించిన శుల్కవివాహముల పట్టిక ప్రసక్తి గలదు. మూడేండ్లలో ఎక్కిన వివాహములు 1034. వానిలో ఏడాది వయస్సు పిల్లలును గలరు. ఆ పట్టికలోని తండ్రులందరును రాక్షసులైనచో సంస్కర్త పని సులభమయ్యెడిది. కలత చెందియు బేరమాడగల సామాన్యులగుట చేతనే ఆ ఆచారము నిలిచినది. 1892లో మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో బహుధా విస్తరించిన ఈ నాటకము ఆ తండ్రులను ఒక గృహస్థునియందు చూపినది.

ముగింపుల భేదమును గమనింపదగినది. ప్లాటస్ నాటకాంతము లుప్తమైనది. లభించిన కథాసంగ్రహమును బట్టి యూక్లియో కుండను తిరిగి పొంది, కూతురిని లైకొనిడీసునకిచ్చి ఊరట చెందును. అవధానులకట్టి భాగ్యము లేదు. సుబ్బి పెండ్లి తప్పినది తండ్రి మనస్సు మారి కాదు, కరటకశాస్త్రి పన్నాగము వలన. పెండ్లికి తరలిన దారిలోనే బుచ్చమ్మ గిరీశముతో వెడలిపోయినది. ఆమెను పూనాలోని వితంతు శరణాలయమునకు పంపు నిర్ణయము సౌజన్యారావు పంతులు ఇంట జరిగినది. ఆ చివరి రంగమున తండ్రి లేడు.