సైలెన్సర్‌కి చిల్లు

రంపం మిషన్ పట్టుకొచ్చే కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, సైలెన్సర్‌కి ఇంకో చిల్లు పెడితే పికప్ పెరుగుద్దంట కదా?" పెరుగుతుంది, అబద్ధం కాదు. ఆర్‌ఎక్స్ 100 సైలెన్సర్లతో కుస్తీ పట్టిన తరం వాణ్ని, ఆ యావ నాకు తెలుసు. కాకపోతే బండి సైలెన్సర్ వేరు, రంపానిది వేరు. టూ స్ట్రోక్ రేసు బండికి పొట్ట ఉబ్బిన పొడుగాటి గొట్టం ఉంటుంది చూడండి, తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ 1950ల్లో దాని గుట్టు పట్టాడు. సిలిండర్‌లోంచి పొగతో పాటు జారిపోయే పచ్చి పెట్రోలు గాలిని, ఆ గొట్టంలో ఎదురు తిరిగిన పీడన తరంగమే మళ్లీ లోపలికి నెడుతుంది. దాన్ని ఇష్టమొచ్చినట్టు కోస్తే ఉన్న పవరూ పోతుంది.

రంపానికి అంత గొట్టం పెట్టే చోటెక్కడిది? సిలిండర్‌ని ఆనుకుని చిన్న రేకు డబ్బా, అంతే. దాని మూతి ఇరుకుగా ఉండేది చాలావరకు చప్పుడు, పొగ నిబంధనల కోసం. వెడల్పు చేస్తే కాలిన గాలి త్వరగా ఖాళీ అవుతుంది, దుంగలో దిగినప్పుడు చైన్ మొరాయించదు.

అయినా నేను ముందు డ్రిల్లు తియ్యను, స్క్రూడ్రైవర్ తీస్తాను. డబ్బా మూతి దగ్గర సన్నటి జాలీ ఉంటుంది, నిప్పురవ్వలు బయటికి పోకుండా. లీటరుకి 20 మిల్లీలీటర్ల ఆయిల్ చాలనే మిషన్‌కి భయం కొద్దీ రెండింతలు పోస్తారు మనవాళ్లు. ఆ మసి వెళ్లి జాలీ కళ్లన్నీ పూడ్చేస్తుంది. స్టార్టవుతుంది, ఐడిలింగ్ బాగానే ఉంటుంది, రేజ్ చేస్తే మాత్రం గొంతు పట్టేస్తుంది. జాలీని ఎర్రగా కాల్చి, వైరు బ్రష్‌తో రుద్ది బిగిస్తే సగం మందికి చిల్లు సంగతే గుర్తుండదు. కొందరు విసుగొచ్చి జాలీనే పీకేస్తారు. ఎండాకాలం జామాయిల్ తోటలో ఎండుటాకుల మీద ఆ పని చేసేవాణ్ని ఏమనాలో నాకు తెలీదు.

సరే, చిల్లు పెట్టాల్సిందే అనుకుందాం. డబ్బా ఊడదీసి పెట్టాలి. మిషన్ మీదే ఉంచి డ్రిల్లు తిప్పితే ఇనప రజను పోర్టులోంచి సిలిండర్‌లోకి పడుతుంది. కొత్త మూతి ప్లాస్టిక్ బాడీ వైపు, పట్టుకునే చేతి వైపు చూడకూడదు. ఇదంతా అరగంట పని.

అసలు పని తర్వాత మొదలవుతుంది, చెవితో. గాలి ఎక్కువ ఆడితే అదే సెట్టింగ్ మీద పెట్రోలు చాలదు, ఇంజిన్ లీనవుతుంది. టూ స్ట్రోక్‌లో ఆయిల్ వచ్చేదే పెట్రోలుతో కాబట్టి పిస్టన్‌కి తడీ తగ్గుతుంది, వేడీ పెరుగుతుంది. అందుకని కార్బొరేటర్ మీది 'హెచ్' స్క్రూని కొద్దికొద్దిగా ఎడమకు విప్పుతూ ఫుల్ రేజ్‌లో వినాలి. దుంగలో పెట్టకముందు గొంతులో కాస్త గరగర ఉండాలి, కోతలో దిగగానే అది పోయి సాఫీగా పలకాలి. ఖాళీగా ఉన్నప్పుడే ఈలలా సన్నగా అరుస్తోందంటే సంబరపడకండి, పిస్టన్ పట్టేసే ముందు కూత అది. కొన్ని కొత్త మోడళ్లలో కంప్యూటరే సర్దుకుంటుంది, వాటికి తిప్పడానికి స్క్రూనే లేదు.

ఇంత చేసీ కొట్టేది సరుగుడు. పేపరు మిల్లుకి నాలుగేళ్లకే నరికే కర్రకి ఇదంతా దండగ, చైన్ పదును పెట్టుకుంటే చాలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ రోడ్ల మీద పడగొట్టిన మహావృక్షాల్లాంటివి కోసేవాళ్లకైతే మిషన్ ఎంత లాగితే అంత లాభం, కాదనను.

దాని ధర చెవి కడుతుంది. 100 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి పావుగంటే భద్రమని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. రంపం చిల్లు లేకుండానే అది దాటుతుంది. అందుకే ఈ మధ్య ఇయర్‌మఫ్ తెచ్చుకున్నవాడికే డ్రిల్లు తీస్తున్నాను. మొన్నొకడు "తలకి తువ్వాలు గట్టిగా చుట్టుకుంటాలే అన్నా" అని బేరం పెట్టాడు. తువ్వాలు లెక్కలోకి రాదని చెప్పి, జాలీ మాత్రం కడిగిచ్చి పంపాను.